నీడ వెంట సైకిలు



ఇవాళ కూడా 42 డిగ్రీలు దాటుతుందని ఇందాక వార్తల్లో వినే ఉంటారు. ఆ మాట వినగానే కిటికీలు మూసుకుని, తలుపులకు తడి తువ్వాళ్లు కట్టుకునే ఊళ్లు మనవి. అలాంటి ఊళ్లో సైకిలు గురించి మాట్లాడదామని వచ్చాను. చల్లటి ఊరి నుంచి వేడి ఊరికి వచ్చిపడ్డ మనిషి సైకిలు తొక్కడం మళ్లీ మొదటి నుంచి ఎలా నేర్చుకుందో, ఎవరెవరి దగ్గర నేర్చుకుందో చెబుతాను.

సైకిలు ఒకసారి వస్తే మళ్లీ నేర్చుకునేదేముంది అని మీకు అనిపించవచ్చు. బ్యాలెన్సు మాత్రం మరిచిపోం. కానీ సైకిలు తొక్కేది కాళ్లే కాదు. గుండె తొక్కుతుంది, నెత్తురు తొక్కుతుంది, చర్మం మీది చెమట తొక్కుతుంది. అవన్నీ ఒక ఊరి గాలికి అలవాటు పడి ఉంటాయి. ఊరు మారితే వాటికి ఏమీ తెలియదు, చిన్నపిల్లలకు చెప్పినట్టు మళ్లీ చెప్పుకోవాలి.

నేను పదకొండేళ్లు బెంగళూరులో ఉన్నాను. బ్యాంకు ఉద్యోగం. ఇంటి నుంచి బ్రాంచికి తొమ్మిది కిలోమీటర్లు, రోజూ సైకిలు మీదే. నెలకోసారి స్నేహితురాళ్లతో కలిసి నంది కొండ ఎక్కేదాన్ని. 2022 మార్చిలో విజయవాడకు బదిలీ అయింది. పుట్టింటి వైపు వచ్చేస్తున్నానని సంతోషంగా సామాను సర్దుకున్నాను. లారీలోకి చివరిగా ఎక్కించింది సైకిలునే, ఇక్కడ ముందు దింపించిందీ దాన్నే.

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది. విజయవాడ పాతిక మీటర్ల ఎత్తు కూడా లేదు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అంటే నేను ఉద్యోగం మారలేదు, రాష్ట్రం మారానంతే అనుకున్నానుగానీ, నిజానికి ఒక కొండ దిగి వచ్చాను. కొండ దిగితే ఆరు డిగ్రీల వేడి, దానికి తోడు కృష్ణ ఒడ్డున ఉక్కపోత. బెజవాడను బ్లేజ్‌వాడ అని ఎందుకన్నారో చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు తెలియలేదు. అప్పుడు మిట్టమధ్యాహ్నం బయటికి వెళ్లనిచ్చేవాళ్లు ఎవరు?

ఏప్రిల్ రెండో ఆదివారం. పొద్దున ఏడున్నరకు బయల్దేరాను. బెంగళూరులో ఆదివారం ఏడున్నర అంటే తెల్లవారినట్టే లెక్క. మొగల్రాజపురం నుంచి ఏలూరు రోడ్డు మీదుగా ప్రకాశం బ్యారేజీ ఎక్కాను. కుడిచేతి వైపు నిండుగా నీళ్లు, ఎడమచేతి వైపు రైలు వంతెన వెనకనుంచి ఎండ. వెనక్కి తిరిగితే ఇంద్రకీలాద్రి. అవతల సీతానగరం, ఉండవల్లి, అక్కణ్నుంచి కరకట్ట రోడ్డు. ఒకపక్క నది, ఒకపక్క అరటితోటలు. ఎంత బాగుందో చెప్పలేను. వెంకటపాలెం దాకా వెళ్లాను, అక్కడ కాసేపు కూర్చున్నాను. తిరుగు ప్రయాణం పట్టేసరికి పది దాటింది.

ఒక పది నిమిషాలు తొక్కానో లేదో, ఒళ్లు గగుర్పొడిచింది. ఆ ఎండలో చలి వేస్తున్నట్టు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తల పగిలిపోతోంది. సీసాలో నీళ్లు టీ కాచుకునేంత వేడిగా ఉన్నాయి. ఎదురుగా రోడ్డు కదులుతున్నట్టు అనిపించింది. సైకిలు దిగి, తోట గట్టు మీద కూలబడ్డాను.

తోటలో పని చేస్తున్న ఆడవాళ్లు చూశారు. ఒకావిడ వచ్చి మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని అరటిచెట్ల కిందకు తీసుకెళ్లింది. అక్కడ నేల తడిగా ఉంది. బోరు నీళ్లు రెండు చెంబులు నెత్తి మీద పోసింది, చున్నీ తడిపి మెడ చుట్టూ వేసింది, అరటాకుతో విసరడం మొదలుపెట్టింది. కాసేపటికి నేను కళ్లు తెరిచి మాట్లాడితే, అప్పుడడిగింది: "ఏం తల్లీ, ఈ పొద్దప్పుడా బయల్దేరేది?"

వాళ్లు ఐదున్నరకే తోటలో దిగారట. పదకొండయ్యేసరికి ఇల్లు చేరతారు. మళ్లీ పొద్దు వాలాకే. "చల్లపూట ఎంత పనైతే అంతే తల్లీ, పని మనది, పొద్దు మనది కాదుగా" అంది. వాళ్ల మజ్జిగ సీసాలోంచి గ్లాసుడు పోసి ఇచ్చింది. ఉప్పు ఎక్కువగా ఉన్న మజ్జిగ. ఆ రుచి నాకింకా నాలుక మీద ఉంది.

ఆ రోజు నన్ను కాపాడిన పద్ధతే వైద్యులు చెప్పేదీ. తర్వాత తెలుసుకున్నాను, మీకూ చెబుతాను. ఎవరికైనా వడదెబ్బ తగిలిందని అనుమానం వస్తే ముందు నీడకు చేర్చాలి, వెంటనే చల్లబరచాలి. ఒళ్లు తడపాలి, గట్టిగా విసరాలి. ఒకరు ఆ పని చేస్తూ ఉంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఆస్పత్రికి వెళ్లాక చల్లబరుస్తార్లే అని ఆగకూడదు. ఇది జ్వరం కాదు కాబట్టి జ్వరం మాత్రతో తగ్గదు. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. ఇంకో మాట. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. కదలకుండా ఉన్న పెద్దవాళ్ల విషయంలో తరచు అలాగే ఉంటుంది. కానీ ఎండలో కష్టపడుతున్న మనిషికి చెమట ధారగా కారుతుండగానే వడదెబ్బ తగలవచ్చు. మాట తడబడుతోందా, నడక తూలుతోందా, అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తోందా, చూడాల్సింది అది. 2015 మే నెల వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది పనికి పోక తప్పని వాళ్లూ, పెద్దవాళ్లూ. అందుకే ఇది ఇంత వివరంగా చెబుతున్నాను.

ఇంటికి వచ్చాక రెండు రోజులు సైకిలు ముట్టుకోలేదు. నేనేం తప్పు చేశానో తెలుసుకోవాలనిపించింది. దానికి జవాబు వంటింట్లో, మూలనున్న కుండలో దొరికింది.

కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? మట్టి సందుల్లోంచి నీళ్లు బయటికి ఊరి, ఆవిరై పోతూ పోతూ కుండలోని వేడిని తీసుకుపోతాయి. మన ఒళ్లూ ఒక కుండే. ఒక మోస్తరు వేగంతో సైకిలు తొక్కే మనిషి కండరాలు పెడలుకు వంద వాట్ల పని ఇస్తున్నాయనుకోండి, దాదాపు మూడు వందల వాట్ల వేడి ఒంట్లోనే పుడుతుంది. పాతకాలపు వంద వాట్ల బల్బులు మూడు కడుపులో వెలిగించుకుని తిరుగుతున్నట్టు. ఆ వేడిని బయటికి పంపాలంటే గంటకు అర లీటరు దాకా చెమట ఆవిరి కావాలి. ఎండ నుంచి, రోడ్డు సెగ నుంచి వచ్చే వేడి దీనికి అదనం. ఆవిరి కావాలి అంటున్నాను, గమనించండి. కారి నేల మీద పడ్డ చెమట ఒంటిని చల్లబరచదు, ఒంట్లో నీళ్లు మాత్రం తీసుకుపోతుంది.

ఇప్పుడు కుండ సంగతి మళ్లీ చూడండి. గాలి పొడిగా ఉన్న రోజున కుండలో నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. ఉక్కపోత రోజున అదే కుండ, అవే నీళ్లు, కానీ చల్లబడవు. గాలిలో అప్పటికే తేమ నిండుగా ఉంటే ఆవిరి పోయేది ఎక్కడికి? నేను ఇప్పుడు సైకిలు తీసే ముందు కుండలో నీళ్లు ఒక గుక్క తాగి చూస్తాను. చల్లగా లేకపోతే ఆ రోజు నా దూరం సగానికి తగ్గిస్తాను. నాకు ఇంతకన్నా నమ్మకమైన పరికరం ఇంకోటి దొరకలేదు.

మన కోస్తాలో ఈ రెండు రకాల వేడీ వస్తుంది. సముద్రం వైపు నుంచి గాలి వీస్తే ఉక్కపోత. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుంది, మెడ మీద చెమటకాయలు లేస్తాయి. మేలో గాలి పడమటికి తిరిగితే వడగాలి. సముద్రపు గాలిని సాయంత్రం దాకా ఒడ్డెక్కనివ్వదది. అప్పుడు చెమట పట్టినట్టే తెలియదు, పుట్టగానే ఆవిరైపోతుంది. ఇంటికి వచ్చి చూస్తే బట్టల మీద తెల్లటి ఉప్పు చారలు. ఉక్కపోత మనల్ని హెచ్చరిస్తుంది. వడగాలి హెచ్చరించదు. నాకు వడగాలి అంటేనే ఎక్కువ భయం.

బెంగళూరులో సైకిలు తొక్కేటప్పుడు వేగమే నాకు ఫ్యాను. గంటకు ఇరవై కిలోమీటర్లు వెళ్తే అంత గాలి మొహానికి తగులుతుంది. ఇక్కడా పొద్దున పూట అంతే, తొక్కినంతసేపూ హాయిగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే ఒక్కసారిగా చెమట దిగుతుంది. కానీ మన చర్మం ఉండేదే 35 డిగ్రీల దగ్గర. గాలి అంతకన్నా వేడెక్కాక, అది ఒంట్లో వేడిని తీసుకుపోయేది పోయి తనే వేడిని తెచ్చి ఇస్తుంది. అప్పుడు చెమట ఒక్కటే దిక్కు. 42 డిగ్రీల గాలికి ఎదురు వేగంగా తొక్కడం అంటే పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదుకోవడమే.

పైగా ఆ 42 డిగ్రీలు మీరూ నేనూ తిరిగే ఎండలో కొలిచినవి కావు. వాతావరణ శాఖ వాళ్లు తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, గాలి ఆడేలా చిన్నచిన్న పలకలు అమర్చి, నీడలో థర్మామీటరు పెట్టి కొలుస్తారు. ప్రపంచమంతా అదే పద్ధతి. ఎండలో నలిగే తారు రోడ్డు పైభాగం అరవై డిగ్రీలు కూడా దాటుతుంది. రేడియోలో 42 అని విన్నప్పుడు అది నీడ సంగతి అని గుర్తుపెట్టుకోండి.

సరే, మరి ఒళ్లు ఈ వేడికి అలవాటు పడదా? పడుతుంది. ఎంత అందంగా పడుతుందో తెలిశాక నా ఒంటి మీద నాకు గౌరవం పెరిగింది. రోజూ గంటకు అటూ ఇటూగా వేడిలో మోస్తరు శ్రమ చేస్తూ పోతే, మొదటి నాలుగైదు రోజుల్లోనే నెత్తురులో నీటి భాగం పెరుగుతుంది. గుండెకు బరువు తగ్గుతుంది. వారం దాటేసరికి చెమట ముందుగా పట్టడం మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, పైగా అందులో ఉప్పు తగ్గుతుంది. ఒళ్లు తన ఉప్పును తానే పొదుపు చేసుకోవడం నేర్చుకుంటుందన్నమాట. ఇదంతా కుదురుకోవడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. కానీ ఇది జన్మకు వచ్చిన చదువు కాదు. రెండు మూడు వారాలు చల్లని చోట ఉంటే చాలా భాగం పోతుంది. మరుసటి ఏడాది మేలో రెండు వారాల సెలవు పెట్టి బెంగళూరు వెళ్లివచ్చినప్పుడు నాకు అదే జరిగింది. మీ పిల్లలకు పనికొస్తుందని చెబుతున్నాను. సెలవులకు అమెరికా నుంచో, లండన్ నుంచో ఏప్రిల్, మే నెలల్లో వచ్చే పిల్లలు దిగిన మర్నాడే ఊరంతా తిరుగుతామంటారు. పుట్టి పెరిగిన ఊరే అయినా వాళ్ల ఒంటికి అది కొత్త ఊరే. వారం రోజులు పొద్దున, సాయంత్రం మాత్రమే తిప్పండి.

నా ఒంటికి వేడి అలవాటు చేయడానికి నేను చేసింది ఇది. మొదటి మూడు రోజులు తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి బ్యారేజీ వైపు కాస్త దూరం వెళ్లి రావడం, ఇరవై నిమిషాలు. గుండె వేగం పెరిగిందనిపిస్తే దిగి నడవడం. ఆ తర్వాత రోజుకు ఐదేసి నిమిషాలు పెంచడం. కిలోమీటర్ల లెక్క పూర్తిగా మానేశాను. బెంగళూరులో నా ఫోన్‌లో రాసుకున్న దూరాలు, వేగాలు అన్నీ ఒక రోజు కూర్చుని తీసేశాను. ఆ అంకెలు ఆ కొండ మీది మనిషివి. ఇక్కడ నాకు ఒకే లెక్క, ఎండ ముదరక ముందు ఇల్లు చేరానా లేదా.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చెమటతో పోయేది నీళ్లే కాదు, ఉప్పు కూడా. గంట లోపు తొక్కితే మామూలు నీళ్లు చాలు. రెండు మూడు గంటలు చెమటోడ్చి, ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే నెత్తురులో ఉప్పు పలచబడి మరో ప్రమాదం వస్తుంది. నీళ్లలో కాస్త ఉప్పు, కాస్త తీపి కలిస్తే పేగులు వాటిని త్వరగా పీల్చుకుంటాయి. ఈ చిన్న సంగతి మీదే ఓఆర్ఎస్ నిలబడింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు సరిహద్దు ఊరు బన్‌గావ్‌లో కాందిశీకుల శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోతుంటే దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపించి డ్రమ్ముల్లో పెట్టించి తాగించాడు. నూటికి ముప్ఫైమంది దాకా పోతున్న చోట చావులు నూటికి నాలుగు లోపుకు దిగాయి. ఆయనకు 2023లో, ఆయన పోయిన తర్వాతి ఏడాది, పద్మవిభూషణ్ ప్రకటించారు. నా సీసాలో ఒక పొట్లం కలుపుకున్నప్పుడల్లా ఆ డ్రమ్ములు గుర్తొస్తాయి. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. అన్నీ టీ చెంచాలే, అంచుకు సమంగా, గోపురం లేకుండా. బీపీ, షుగరు ఉన్నవాళ్లు తమ డాక్టరును ఒకమాట అడిగి తాగండి.

మనవాళ్లకు ఇది మరో దారిలో ఎప్పుడో తెలుసు. ఎండలు ముదిరే వేళకు శ్రీరామనవమి వస్తుంది, ఇంటింటా పానకం. బెల్లం, మిరియాలు, యాలకులు. కృష్ణ దాటి కాస్త దూరం వెళ్తే మంగళగిరి, అక్కడి కొండ మీద స్వామికి పానకమే నైవేద్యం. నోట్లో పోసిన పానకంలో సగం తాను తాగి సగం భక్తుడికి వదులుతాడని నమ్మకం. నేను ఆదివారం మంగళగిరి దాకా తొక్కిన రోజుల్లో ఆ తీర్థం తీసుకుని, రెండో సీసాలో ఉప్పు వేసిన పలచటి మజ్జిగ పోసుకుని తిరిగి వస్తాను. బయల్దేరే ముందు రాత్రి నానబెట్టిన చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ. బెంగళూరులో ఖరీదైన చాక్లెట్ కడ్డీలు జేబులో వేసుకుని తిరిగేదాన్ని. ఇక్కడి ఎండకు అవి కరిగి కాగితానికి అంటుకుపోతాయి. చద్దన్నం కడుపులో చల్లగా కూర్చుంటుంది.

సీసాలో నీళ్లు వేడెక్కకుండా చేసే ఉపాయం మా వీధి చివర పంక్చరు బాబాయ్ చెప్పాడు. పాత నూలు గుడ్డ తడిపి సీసాకు చుట్టి, రబ్బరు బ్యాండు వేయమన్నాడు. మళ్లీ కుండ కిటుకే. గుడ్డ ఆరినప్పుడల్లా తడపాలి.

బాబాయ్ కొట్టు అంటే కొట్టు కాదు. నిద్రగన్నేరు చెట్టు మొదట్లో ఒక చెక్కపెట్టె, గాలి పంపు, నల్లబడ్డ నీళ్ల బేసిను, కొమ్మకు వేలాడే పాత ట్యూబులు. నలభై ఏళ్లుగా అదే చెట్టు కింద ఉన్నానంటాడు. మొదటి వేసవిలో నా సైకిలుకు మూడుసార్లు ఒకేచోట గాలి దిగింది. ఆయన ట్యూబు బయటికి తీసి, ఉబ్బదీసి, బేసినులో ముంచి, బుడగలొచ్చిన చోట వేలు పెట్టి నాకు చూపించాడు. పాత ప్యాచ్ అంచు పెదవిలా లేచి ఉంది.

"బండి ఎక్కడ పెడుతున్నావమ్మా?"

"బ్యాంకు బయట బాబాయ్. ఎండలోనే."

"అదీ సంగతి. గాలి నిండా కొట్టించి ఎండలో పెడితే ప్యాచ్ లేచిపోద్ది. ఎండాకాలం రెండు పోట్లు తక్కువ కొట్టించు. నీడన పెట్టు."

నేను ఇంటికి వెళ్లి లెక్క వేశాను. ముప్ఫై డిగ్రీల దగ్గర గాలి కొట్టించిన టైరు ఎండలో యాభై అయిదు డిగ్రీలకు వేడెక్కితే లోపలి పీడనం పదో వంతు పెరుగుతుంది. దానికి టైరు పగిలిపోదు. కానీ ఆ ఒత్తిడికి తోడు వేడికి ప్యాచ్ కింది సొల్యూషన్ మెత్తబడితే అంచు లేస్తుంది. ఆయన నలభై ఏళ్లు వేళ్లతో చూసింది నాకు కాగితం మీద కనబడింది. బ్యాంకులో అడిగి జనరేటరు షెడ్డు పక్కన నీడలో సైకిలు పెట్టుకోవడానికి చోటు సంపాదించాను. ఆ తర్వాత ప్యాచ్ లేవలేదు.

బట్టల గురించి కూడా ఒక మాట. తక్కువ బట్టలు వేసుకుంటే చల్లగా ఉంటుందనుకుంటాం. ఎండ నేరుగా చర్మం మీద పడేకన్నా వదులుగా ఉన్న పలచటి పొడుగు చేతుల లేత రంగు బట్ట మీద పడటమే మేలు. తోటల్లో ఆడవాళ్లు చీర మీద పాత మగవాళ్ల చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకునేది అందుకే. నేను వదులు చుడీదారు, తలకు తడిపిన నూలు చున్నీ, దాని మీద గాలి సందులు ఎక్కువ ఉన్న హెల్మెట్టు.

ఇంత చెప్పాను గానీ, ఇదంతా పొద్దు తన చేతిలో ఉన్న మనిషి మాట. ఐదింటికి బయల్దేరి ఏడింటికి ఇల్లు చేరి స్నానం చేసి ఫ్యాను కింద కూర్చోగల మనిషి మాట. మా ఊళ్లో సైకిలు మీద నిజంగా ఆధారపడి బతికేవాళ్లు ఆ వేళకు బయల్దేరరు. పాత ఇనుము, ప్లాస్టిక్ కొనేవాళ్లు, ఐస్ అమ్మేవాళ్లు, కొబ్బరి బొండాల వాళ్లు, పనికి వెళ్లే తాపీ కూలీలు. గిరాకీ ఎప్పుడుంటే వాళ్లు అప్పుడు తొక్కాలి. ఐస్ అమ్మే అబ్బాయికి మిట్టమధ్యాహ్నమే బేరం. నాకు నీడ సౌకర్యం, వాళ్లకు నీడ ప్రాణం.

హైదరాబాదులో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. 2023 అక్టోబర్ 1న మొదలైంది. దారి పైన సౌర పలకల కప్పు. కరెంటుకు కరెంటు, తొక్కేవాళ్లకు నీడ. నేను వెళ్లి తొక్కి వచ్చాను, ఎండ నెత్తిన తగలకుండా సైకిలు తొక్కడం ఎంత సుఖమో అక్కడ తెలిసింది. ఆ ఆలోచన చేసినవాళ్లను మెచ్చుకుంటాను. కానీ ఆ నీడ కింద ఐస్ బండి నాకు కనపడలేదు. నీడ ఊరి నడుమకు రావాలి. మార్కెట్ రోడ్లకు, కాలువ గట్లకు, ఆస్పత్రుల దగ్గరకు రావాలి. దానికి సౌర పలకలే అక్కర్లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు బతికి ఉన్న చెట్టును బతకనిస్తే చాలా వరకు సరిపోతుంది.

ఎండాకాలంలో మన సిగ్నళ్ల దగ్గర ఒక దృశ్యం మీరూ చూసే ఉంటారు. ఎర్రలైటు పడగానే బళ్లన్నీ గీత దాకా రావు. ముప్ఫై నలభై గజాల వెనకే, ఏ చెట్టు నీడ రోడ్డు మీద పడుతోందో అక్కడ ఆగుతాయి. ముందు గీత దగ్గర రోడ్డు ఖాళీ. నీడలో మాత్రం సైకిలు, స్కూటరు, ఆటో భుజాలు రాసుకుంటూ నిలబడతాయి. ఎవరూ హారను కొట్టరు. ఎవరూ ఎవరినీ ముందుకు వెళ్లమనరు. ఆ చెట్టు లేని ఏడాది అదే చోట జనం మొహాలు ఎలా ఉంటాయో ఊహించుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. కొన్ని పట్టణాల్లో కూడళ్ల దగ్గర ఆకుపచ్చ నెట్లు కడుతున్నారు. మంచి పని. అది చెట్టు ఎదిగేదాకా చేయాల్సిన పని.

బాబాయ్ చెట్టు ఇంకా ఉంది. నిరుడు వేసవిలో మేం నలుగురం కలిసి దాని పక్కన తాటాకు పందిరి వేసి చలివేంద్రం పెట్టాం. కింద ఇసుక పోసి, ఆ ఇసుక తడిపి, ఆరు కుండలు. పొద్దున సైకిలు తిరిగి వచ్చి నేనే కుండలు కడిగి నింపేదాన్ని. కుండల కింద ఇసుక తడిపే పని బాబాయ్‌ది.

మే మొదటి వారంలో ఒక ఆదివారం, పన్నెండు గంటలప్పుడు పందిరి కింద ఉన్నాను. మా విజయవాడలో సరిగ్గా ఆ రోజుల్లోనే సూర్యుడు నడినెత్తి మీదకు వస్తాడు. కరెంటు స్తంభానికి కూడా నీడ ఉండదు, అంతా దాని మొదట్లోనే ముడుచుకుని ఉంటుంది. ముంజలు అమ్మే ఆయన సైకిలు నెట్టుకుంటూ వచ్చాడు. క్యారియరు మీద రెండు పక్కలా తాటికాయల గెలలు, హ్యాండిలుకు గోనెసంచిలో కత్తి. టైర్లు బరువుకు అణిగి ఉన్నాయి. మూడు గ్లాసుల నీళ్లు ఆపకుండా తాగాడు.

"ఇంత ఎండలో ఇంత బరువుతో ఎలా తొక్కుతారు అన్నయ్యా?" అన్నాను.

"తొక్కనమ్మా. పది దాటితే దిగి నెడతా. తొక్కితే ఆయాసం, నెడితే ఆలస్యం. ఆలస్యమే మంచిది. పొద్దున తూర్పు పక్క గోడల కింద నీడుంటది, ఆ పక్క ఇళ్లు చూసుకుంటా పోతా. మధ్యాన్నం నీడ పడమటి పక్కకి తిరుగుద్ది, అప్పుడు ఆ పక్క ఇళ్లు."

"మరి ఇప్పుడు?"

ఆయన వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. "ఇప్పుడు ఏ పక్కా లేదు. ఇక్కడే" అని ఇసుక పక్కన కూర్చున్నాడు.

బాబాయ్ సైకిలు దగ్గరకు వెళ్లి వెనక టైరు బొటనవేలితో నొక్కి చూసి, పంపు తెచ్చి నాలుగు పోట్లు గాలి కొట్టాడు. ముంజల ఆయన డబ్బులివ్వబోతే వద్దన్నాడు. ఆయన ఒక కాయ కొట్టి మూడు ముంజలు తీసి, ఒకటి బాబాయ్‌కి, ఒకటి నాకు, ఒకటి కుండల దగ్గరున్న పిల్లాడికి ఇచ్చాడు. నేను ఆయన సీసా నింపి, తడిగుడ్డ చుట్టి ఇచ్చాను. ముగ్గురం ఎక్కువ మాట్లాడుకోలేదు.

పన్నెండున్నర దాటింది. ఎదురుగా పడమటి పక్క గోడ మొదట్లో జానెడు నీడ కనపడింది. ఆయన లేచి తువ్వాలు తడిపి తలకు చుట్టుకున్నాడు. స్టాండు తీసి, రోడ్డు దాటి, సైకిలును ఆ జానెడు నీడలోకి మళ్లించి నెట్టుకుంటూ వెళ్లాడు.